మూడో గది పుట్టినరోజు

పెనుకొండ నుంచి హిందూపురం పోయే రోడ్డు మీద బస్సు దిగి, మల్బరీ తోటల మధ్య పది నిమిషాలు నడిస్తే శంకరప్ప చాకీ కేంద్రం వస్తుంది. గుడ్డు పగిలి బయటపడిన పట్టుపురుగులను వారం రోజులు పసిబిడ్డల్లా సాకి, రెండు జ్వరాలు దాటించి, రైతుల చేతిలో పెట్టడం అక్కడి పని. పురుగుకు జ్వరమంటే ఒళ్లు కాలడం కాదు. పాత చర్మం బిగుతై, కొత్తది తొడుక్కోవలసిన వేళకు అది మేత మానేస్తుంది. తల పైకెత్తి, ఒక రోజు పాటు కదలకుండా ఉండిపోతుంది. దాన్నే జ్వరానికి కూర్చోవడం అంటారు. అంతవరకూ గదిలో తేమ నిండుగా ఉండాలి, వేళకు లేత ఆకు పడుతూ ఉండాలి. జ్వరానికి కూర్చున్నాక మాత్రం గది పొడిగా ఉండాలి, ఆకు మాటే ఎత్తకూడదు. కూర్చున్న పురుగుల మీద తడి ఆకు వేస్తే అవి దాని కింద మగ్గి జబ్బు పడతాయి. చాకీలో తగిలిన దెబ్బ పైకి కనబడదు. రైతు ఇంటికి పోయాక, గూడు కట్టే ముందు బయటపడుతుంది.

ఆరు గదుల్లో ఆరు వయసుల పురుగులు. ప్రతి గది గోడకూ అరచేతి వెడల్పు కంప్యూటరు పెట్టె ఒకటి బిగించి ఉంది. గదిలో వేడి ఎంత ఉండాలి, తేమ ఎంత ఉండాలి, నీటి తుంపర ఎన్ని నిమిషాలకొకసారి రావాలి, ఫ్యాను ఎప్పుడు తిరగాలి, ఆకు బెల్లు ఏ గంటకు మోగాలి, అన్నీ ఆ పెట్టెలోని ఒక ఫైల్లో ముప్పై రెండు వరుసలుగా రాసి ఉంటాయి. బెంగళూరు నుంచి వచ్చిన ఇంజనీరు రెండు రోజులుండి పెట్టెలు బిగించి, "ఫైల్లో నంబర్లు మార్చుకుంటే చాలు సార్, చాలా ఈజీ" అని చెప్పి వెళ్లిపోయాడు. మార్చేదెవరో ఆయన చెప్పలేదు, శంకరప్ప అడగలేదు.

మార్చే పని భాగ్యశ్రీ మీద పడింది. భాగ్యశ్రీకి పదిహేడేళ్లు. ఊరి హైస్కూల్లో చదివి, పెనుకొండలో ఇంటర్ పరీక్షలు రాసి, హిందూపురంలో డిగ్రీ సీటు వచ్చేదాకా ఖాళీగా ఎందుకని ఈ పనిలో కుదిరింది. నలుగురిలో నోరు విప్పడమంటే ఆ పిల్లకు భయం. ఎవరైనా పేరు అడిగితే రెండోసారి అడిగించుకుని చెబుతుంది. పగలంతా మింగేసిన మాటలన్నీ సాయంత్రం బస్సులో కూర్చుని, నీలం అట్ట డైరీలో రాసుకుంటుంది.

పొద్దున్నే వచ్చి, చిన్న లాప్‌టాప్ పట్టుకుని, గది గదికీ తిరిగి, ఏ గది పురుగుకు ఎన్నో రోజో రిజిస్టరులో చూసి, దానికి తగ్గట్టు ఫైల్లో అంకెలు మార్చడం ఆమె పని. మారేవి నాలుగైదు వరుసలే. కానీ ముప్పై రెండింట్లో ఒక్క గుర్తు జారిపోయినా పెట్టె మొత్తం మొండికేస్తుంది. అందుకని ఒక్కో ఫైలు మూడుసార్లు చదివేది. ఆరో గదికి చేరేసరికి కళ్లు బైర్లు కమ్మేవి.

పనిలో చేరిన రెండో వారంలో ఐదో గదికి తేమ ఎనభై ఐదు అని కొట్టాల్సింది, యాభై ఎనిమిది అని కొట్టింది. అంకెలు అవే, తిరగబడ్డాయి. గంట గడవకముందే రంగప్ప పట్టేశాడు. రంగప్పకు అరవై దాటాయి. పాతికేళ్లుగా పురుగులు సాకుతున్నవాడు. ఏ మీటరూ చూడడు. గదిలోకి అడుగుపెట్టి ముక్కుతో గాలి పీలుస్తాడు, మోచేతితో తట్టను తాకుతాడు, అంతే.

"ఏమ్మే పాపా, పురుగులు సాకుతాండావా, ఒడియాలు ఎండబెడతాండావా?" అన్నాడు నవ్వుతూ.

ఆకు తరిగే దాసమ్మ పడీ పడీ నవ్వింది. భాగ్యశ్రీ నవ్వలేదు. ఆరోజు డైరీలో ఒక్క వాక్యమే రాసింది: "ఇంకోసారి ఇట్లా జరిగితే ఈ పని మానేస్తాను."

మరుసటి ఆదివారం హైస్కూల్లో కంప్యూటర్లు నేర్పిన శోభారాణి టీచరుకు ఫోను చేసింది. ఫోనులో ఆమెకు కాస్త ధైర్యం వస్తుంది, ఎదుటి మొహం కనబడదు కనక.

"ఒకే పని మూడోసారి చేస్తున్నావంటే అది నీ పని కాదే, మిషను పని," అంది టీచరు. "చిన్న స్క్రిప్టు రాసుకో. రోజు లెక్క అదే కట్టుకుని, మారాల్సిన వరుసలు అదే మారుస్తుంది. ఒక్కటి గుర్తుపెట్టుకో. కొత్తది రాసే ముందు పాత ఫైలును తేదీ వేసి పక్కన దాచమను. తప్పు చేయకుండా ఉండటం మన చేతిలో లేదు. వెనక్కి పోయే దారి ఉంచుకోవడం ఉంది."

స్క్రిప్టంటే మంత్రమేమీ కాదు. మనం చేత్తో చేసే పనిని ఒకదాని కింద ఒకటి వరుసగా రాసి కంప్యూటరుకు అప్పగించడమే. భాగ్యశ్రీ నాలుగు రోజులు కూర్చుంది. మొదట పదకొండు వరుసలు. అది ఒక గదికే పనిచేసింది. ఆ తర్వాత ఆరు గదులకూ తిరిగేట్టు చేసింది. గది నంబరు, పురుగులు పుట్టిన తేదీ ఒక జాబితాలో పెట్టింది. ఆ తేదీ నుంచి ఈరోజుకు ఎన్ని రోజులో స్క్రిప్టే లెక్కేస్తుంది. మూడు రోజుల దాకా తడి, ఆకు. నాలుగో రోజు జ్వరం, కనక తుంపర బందు, బెల్లు బందు, ఫ్యాను మొదలు. ఇట్లా ఏడో రోజు దాకా.

మొదటిసారి ఆరు గదులకూ ఒకేసారి నడిపినప్పుడు, మీట నొక్కి కళ్లు మూసుకుంది. తెరిచేసరికి అయిపోయింది. ఆరు ఫైళ్లూ తెరిచి చూసింది. ఒక్క అంకె తిరగబడలేదు. రెండు గంటల పని, నీళ్లు తాగి గ్లాసు కింద పెట్టేంతలో ముగిసింది. ఆ తీరిక ఏం చేసుకోవాలో తెలియక దాసమ్మ పక్కన కూర్చుని ఆకు ఏరింది.

"ఏమమ్మా, పని లేదా?" అంది దాసమ్మ.

"అయిపోయిందక్కా."

"అప్పుడేనా? రేపటినుంచి నాకూ ఒకటి రాసియ్యి, కత్తి దానంతటదే ఆకు తరిగేట్టు."

రెండు విడతలు అట్లా నిమ్మళంగా గడిచాయి. శంకరప్ప వచ్చినవాళ్లకల్లా "మా పాప రాసింది" అని చూపించేవాడు. అట్లా చూపించినప్పుడల్లా భాగ్యశ్రీ ఆకుల గదిలోకి తప్పుకునేది. రంగప్ప మాత్రం ఒప్పుకోలేదు.

"ముహూర్తం చూసుకుని పెళ్లిపీట ఎక్కినట్టు, పురుగు తేదీ చూసుకుని జ్వరానికి కూచోదు పాపా," అనేవాడు. కానీ ఒక సోమవారం సాయంత్రం తనే వచ్చి, కాస్త తగ్గి అడిగాడు. "రేపు పుట్టపర్తికి పోయి కన్ను చూపిచ్చుకోవల్ల. ఎడంకన్ను మసక మసకగా ఉండాది. ఆరు నెలల నుంచీ పోవల్లనుకుంటాండా, ఈ గదులిడిసి కదిలేదానికి అయితే కదా."

"పోయిరా మామా," అన్నాడు శంకరప్ప. "మిషనుండాది, పాప ఉండాది. ఇంగేం భయం?"

రంగప్ప అన్ని గదులకూ ఒకసారి తల తిప్పి చూసి, తుండు భుజాన వేసుకుని వెళ్లాడు.

మంగళవారం. ఆరు గంటల ఆకు వేశారు. ఎనిమిదింటికి కనగానపల్లి దగ్గరి పల్లె నుంచి ఓబులమ్మ వచ్చింది. మూడో గదిలో ఉన్నవి ఆమె పురుగులే. అరవై ఏళ్ల మనిషి, బస్సు దిగి ఎండలో నడిచొచ్చినా గొంతు తగ్గలేదు.

"ఏమప్పా శంకరప్పా, నా పిల్లోళ్లు ఎట్లుండారు?"

"రామ్మా, కూచో. మజ్జిగ తాగు. గుండ్రాళ్ల మాదిరి ఉండారు."

"పోయిన తూరి గూడా ఇట్లే అన్యావు. మా ఇంటికొచ్చి మూడో జ్వరం కాడ సగానికి సగం ఒరిగిపాయె. ఈ తూరి గూడా పోతే తోట పెరికేస్తామని మా ఇంట్లో మొగోళ్లు ట్రాక్టరు మాట్లాడినారు. నేను పెట్టించుకున్న తోటప్పా అది. నీళ్లు మోసి బతికిచ్చినా. ఒక్క పంట చూడండ్రా అని బతిమాలి వచ్చినా."

ఆకుల గదిలో నిలబడి భాగ్యశ్రీ ఇదంతా వింది.

పది గంటలకు మూడో గదిలో బెల్లు మోగింది. ఆకు వేళ. తేమ చూద్దామని భాగ్యశ్రీ ముందుగా లోపలికి వెళ్లింది. గది నిండా సన్నటి తుంపర. తట్ట మీద కప్పిన మైనపు కాగితం ఎత్తింది. ఆరింటికి వేసిన ఆకు చాలావరకు అట్లానే ఉంది. అంచులు కూడా కొరకలేదు. పురుగులు కదలడం లేదు. ఒళ్లు నిగనిగలాడుతూ, తలలు పైకెత్తి, దేనికోసమో చూస్తున్నట్టు ఉండిపోయాయి.

జబ్బా? పెట్టె వైపు చూసింది. మూడో రోజు అని చూపిస్తోంది. జ్వరం రేపు. తలుపు మీద వేలాడే చీటీలోనూ శంకరప్ప చేతిరాతతో పుట్టింది ఆదివారం అనే ఉంది. రిజిస్టరులోనూ అదే. తను జాబితాలోకి ఎక్కించిందీ రిజిస్టరు చూసే. ఎవరి నోటి లెక్కా నమ్మకూడదు, రాసినదే నమ్మాలి అని తనకు తనే నియమం పెట్టుకుంది.

ఇంకో తట్ట ఎత్తింది. ఇంకోటి. అన్నిట్లోనూ అంతే, తలలు పైకి. జబ్బు పురుగులు ఇట్లా ఒక్క తీరుగా ఉండవు. ఇవి జ్వరానికి కూర్చున్నాయి. ఒకరోజు ముందే ఎందుకు కూర్చున్నాయి?

అప్పుడామెకు శనివారం గుర్తొచ్చింది. పొద్దున్నే ఇంట్లో అవ్వ గడపకు అడ్డం నిలబడి, "శనివారం, అమావాస్య, రెండూ కలిసినాయి. ఈరోజు యాడికీ పోవద్దు" అని అరిచింది. అయినా తను వచ్చింది. వచ్చి ఏం చూసింది? బయటికి పరిగెత్తి సంచిలోంచి డైరీ తీసింది. శనివారం పేజీ తిప్పి రెండు వరుసలు చదివి, డైరీ పట్టుకునే వెనక్కి పరిగెత్తింది.

ఈ సీమలో అమావాస్యనాడు పుట్టిన పురుగును రైతు ఇంటికి తీసుకుపోడు. అందుకని అమావాస్యనాడు పుట్టించకుండా చూసుకుంటారు. కానీ ఆ వారం ఎండ మండిపోయి, ఆదివారం పగలవలసిన గుడ్లు శనివారమే పగిలాయి. శంకరప్ప రిజిస్టరులో మాత్రం ఆదివారం అనే రాసుకున్నాడు. అట్లా రాయడం కొత్తేమీ కాదు. రంగప్ప రాత చూడడు, పురుగును చూస్తాడు కనక ఇన్నేళ్లూ ఏ ఇబ్బందీ రాలేదు. అందరికీ తెలిసిన సంగతే కదా అని భాగ్యశ్రీకి ఎవరూ చెప్పలేదు. స్క్రిప్టుకు అసలే చెప్పలేదు.

తిరిగి వచ్చేసరికి దాసమ్మ తరిగిన ఆకు గంప నడుముకు ఆనించుకుని మూడో గది గుమ్మం దాటుతోంది.

"అక్కా, వేయొద్దు."

దాసమ్మకు వినపడలేదు. పిడికిలి నిండా ఆకు తీసింది.

"అక్కా! వేయొద్దు!"

ఆ గొంతు తనదేనా అని భాగ్యశ్రీకే అనుమానమొచ్చింది. దాసమ్మ ఉలిక్కిపడి ఆకు గంపలోనే వదిలేసింది.

"బెల్లు మోగింది కదమ్మా. నీ మిషనే కొట్టె."

"నా మిషనే తప్పు కొట్టిందక్కా."

ఆ మాట విని శంకరప్ప లేచి వచ్చాడు. ఆయన వెనకాలే ఓబులమ్మ.

"ఏంటికి నిలిపినారు? ఏమైంది?" అన్నాడాయన.

"జ్వరానికి కూర్చున్నాయి సార్," అంది భాగ్యశ్రీ నేల చూస్తూ.

శంకరప్ప తలుపు మీది చీటీ చూశాడు. వేళ్ల మీద లెక్కపెట్టాడు. "ఆదివారం, సోమవారం, మంగళవారం. ఈరోజు మూడో పొద్దే కదా. రేపు కదా కూచోవల్ల! ఊరికే బెదరొద్దు పాపా. దాసమ్మా, నువ్వు ఆకు వెయ్యి."

ఆరు గదుల హడావిడిలో, తను రాసిన అబద్ధాన్ని తనే నమ్మేశాడాయన. మొహంలో కపటమేమీ లేదు. అదే భాగ్యశ్రీకి మరీ కష్టమైపోయింది. నిజం చెప్పాలంటే ఓబులమ్మ ముందు చెప్పాలి. చెప్పకపోతే ఆకు పడుతుంది. డైరీ పేజీ తెరిచి శంకరప్ప చేతికిచ్చింది.

ఆయన చదివాడు. ఓరకంటితో ఓబులమ్మను చూసి, డైరీ గబుక్కున మూశాడు.

"అదేం పుస్తకం?" అంది ఓబులమ్మ.

"ఏం లేదమ్మా, పాప ఏదో..."

"నాకు చదువు రాదని దాస్తాండావా? ఇట్లియ్యి." ఆమె డైరీ లాక్కుని భాగ్యశ్రీ చేతిలో పెట్టింది. "ఏమి రాసినావో నువ్వే చదువు పాపా."

ఆ డైరీని ఇంతవరకూ ఎవరూ చూడలేదు, అవ్వ కూడా. భాగ్యశ్రీ పేజీని మొహానికి అడ్డం పెట్టుకుంది.

"శనివారం, అమావాస్య..."

"గట్టిగా," అంది ఓబులమ్మ.

"శనివారం, అమావాస్య. అవ్వ గడప దాటొద్దని అరిచింది. అయినా పోయినాను. ఎండకు మూడో గది గుడ్లు ఒకరోజు ముందే పగిలినాయి. రంగప్ప తాత కోడి ఈకతో పురుగులను కాగితం మీద నుంచి ఆకు మీదికి తోసినాడు. ఒక్కొక్కటి నువ్వుగింజలో సగం లేదు, నల్లగా ఉంది. ఇంత చిన్న నోటితో ఇవి ఆకెట్లా కొరుకుతాయో అనుకున్నాను. కొరికినాయి. చాలాసేపు చూస్తా నిలబడినాను."

తుంపర బుస్సుమని ఒకసారి వచ్చి ఆగింది.

"అయితే ఇవి అమావాస్య పురుగులా?" అంది ఓబులమ్మ.

"ఓబులమ్మా, అది కాదు..." అన్నాడు శంకరప్ప.

"నువ్వు నిలువప్పా. పాపా, ఇప్పుడు ఆకేస్తే ఏమైతాది?"

"చెడిపోతాయి అవ్వా. తడి కూడా ఆపాలి. ఇప్పుడే ఆపాలి."

"ఆపు మరి! మా మొగాలు చూస్తాండావేమి?"

భాగ్యశ్రీ లాప్‌టాప్ ముందు కూలబడింది. పాత పద్ధతిలో అయితే ఇందరు చూస్తుండగా ఆ ఫైలు సరిచేయడం ఆమె వల్ల అయ్యేది కాదు. ఇప్పుడు మార్చవలసింది జాబితాలో మూడో గది ఎదుట ఒక్క తేదీ. ఆదివారాన్ని శనివారం చేసింది. మీట నొక్కింది. పాత ఫైలు తేదీతో సహా పక్కకు చేరింది, కొత్తది దాని చోట్లోకి వచ్చింది. గోడ మీది పెట్టె ఒక్క క్షణం ఆలోచించినట్టు మిణుకుమంది. నాలుగో రోజు అని చూపించింది. తుంపర ఆగిపోయింది. ఫ్యాను కదిలింది.

దాసమ్మ మైనపు కాగితాలు తీసేసింది. శంకరప్ప మారుమాట లేకుండా సున్నం పొడి తెచ్చి తట్టలన్నిటి మీదా పలచగా జల్లాడు, తడి పీల్చేదానికి. ఓబులమ్మ నడుముకు చెయ్యి ఆనించుకుని ఆయన్నే చూస్తోంది.

"ఏమప్పా, పోయిన తూరి నా చీటీ గూడా ఇట్లే రాసినావా?"

శంకరప్ప సున్నం చేతులు దులుపుకున్నాడు.

"నీ చీటీ పట్టుకొనే మావోళ్లు, మూడో జ్వరం ఇంగా రేపు అని ఆకేసినారు. నా కండ్లకు ఏదో తేడాగా కనబడె. చీటీలో రాసుండాది కదా అని నా నోరు మూసిరి."

"అమావాస్య పురుగంటే మీరు వద్దంటారని కదమ్మా రాసేది. రెండేళ్ల కింద నువ్వే అంటివి."

"అప్పుడంటినేమో. పుట్టే దానికి దినమేం తెలుస్తాది? ఇవి మంచి పొద్దులో పుట్టి చచ్చేదానికన్నా అమావాస్యలో పుట్టి బతికితే నాకేమి నష్టం? ఇదో, నాకు నిజం చెప్పు, నేను మంచిదో చెడ్డదో చూసుకుంటా." తట్ట మీదికి వంగి, "ముందు బతుకుతాయా లేదా అది చెప్పు," అంది.

పొద్దున ఒక మేత, నాలుగు గంటల తడి అప్పటికే పడి ఉన్నాయి.

సాయంత్రం నాలుగింటికి రంగప్ప వచ్చాడు. కంట్లో మందు పోసి పంపారట, నల్లద్దాలు పెట్టుకుని తడుముకుంటూ వచ్చాడు. జరిగింది విని నెత్తి కొట్టుకున్నాడు.

"ఆ గది ఒకరోజు ముందు అని నీకు తెల్దా పాపా? అందరికీ తెలిసిందే కదా!"

"నాకెవరు చెప్పినారు తాతా?" అంది భాగ్యశ్రీ. ఎప్పుడూ లేంది, సూటిగా అంది.

రంగప్ప మూడో గదిలోకి వెళ్లి, తట్ట మీద వేలి వెనక భాగం ఆనించాడు. సున్నం ముట్టుకుని, వేళ్ల మధ్య నలిపాడు. "పొడిగా ఉండాది," అన్నాడు. ఓబులమ్మ చివరి బస్సు వదులుకుని, దాసమ్మ ఇంట్లో పడుకుంటానంది.

ఆరోజు బస్సులో భాగ్యశ్రీ డైరీ తెరవలేదు. సంచిలో దాన్ని గట్టిగా అదుముకుని కూర్చుంది.

బుధవారం మొదటి బస్సుకే వచ్చింది. గేటు దగ్గరికి వచ్చేసరికి కాళ్లు నెమ్మదించాయి. చూడాలని ఉంది, చూడకూడదనీ ఉంది. మూడో గది తలుపు తీసే ఉంది. లోపల ఓబులమ్మ ఒక తట్ట మీదికి వంగి ఉంది. రంగప్ప నల్లద్దాలు నుదుటికి ఎత్తుకుని, బాగున్న కంటితో చూస్తున్నాడు.

"రా పాపా, బిరీన రా," అన్నాడు రంగప్ప.

తట్టలో సున్నం మీద నలుసుల్లాంటి పాత చర్మాలు. వాటి పక్కన కొత్త తలలతో, లేత బూడిద రంగులో పురుగులు. కదులుతున్నాయి. ఆకు కోసం అటూ ఇటూ తలలు ఊపుతున్నాయి. భాగ్యశ్రీ రెండో తట్ట చూసింది, మూడోది చూసింది. అక్కడొకటి ఇక్కడొకటి ఇంకా లేవనివి ఉన్నాయి. మిగతావన్నీ లేచాయి, ఒక్క మట్టంగా.

"నూటికి తొంబై ఐదు లేచినాయి," అన్నాడు రంగప్ప. "ఆ ఆకు వేసింటే సగం గూడా లేచుండవు. ఇంగ ఆకెయ్యొచ్చు."

దాసమ్మ ఆకు జల్లింది. పురుగులు ఆకు మీదికి పాకాయి. భాగ్యశ్రీ గోడకు ఆనుకుని అట్లానే కిందికి జారి కూర్చుంది. ఏడుపు రాలేదు గానీ ముక్కు కారింది. ఓబులమ్మ కొంగు చివర తీసి, చంటిపిల్లకు తుడిచినట్టు తుడిచి, "లెయ్యి, పురుగులే లేచినాయి, నీకేమి రోగం?" అంది. ముందు దాసమ్మ నవ్వింది, తర్వాత అందరూ నవ్వారు. ఈసారి భాగ్యశ్రీ కూడా నవ్వింది.

ఆ మధ్యాహ్నం స్క్రిప్టులో రెండు మార్పులు చేసింది. పుట్టిన తేదీ ఇక రిజిస్టరు నుంచి తీసుకోదు. పురుగులను ఆకు మీదికి తోసిన రోజునే, తోసిన మనిషినే అడిగి ఎక్కించుకుంటుంది. రెండోది, జ్వరం రోజుకు ముందు రోజు నుంచి బెల్లు దానంతటదే మోగదు. తట్ట ఎత్తి చూసిన మనిషి ఎవరో పేరు కొడితేనే బెల్లు మోగుతుంది, లేదా జ్వరమైతే తుంపర ఆగుతుంది.

"అంటే నా పేరు దాంట్లో ఉంటాదా?" అన్నాడు రంగప్ప.

"ఉంటుంది తాతా. నీ పేరు లేకపోతే అది కదలదు."

"అట్లయితే మంచి మిషనే," అన్నాడు రంగప్ప. రెండు నెలలుగా దాన్ని తిట్టిన మనిషి ఆ పెట్టెను మొదటిసారి తుండుతో తుడిచాడు.

శంకరప్ప అటుపక్కన నిలబడి అంతా విన్నాడు. కాసేపటికి రిజిస్టరు తెచ్చి, మూడో గది వరుసలో ఆదివారం కొట్టేసి, పక్కన శనివారం అని రాశాడు. తలుపు మీది చీటీ చింపి కొత్తది భాగ్యశ్రీ చేత రాయించాడు. "అమావాస్య అని గూడా రాయనా సార్?" అని ఆమె అడిగితే, తల గోక్కుని, "రాయి. అడిగేటోళ్లకు నేనే చెప్పుకుంటా," అన్నాడు.

శుక్రవారం రెండో జ్వరం సరిగ్గా వేళకు వచ్చింది. రంగప్ప తట్ట ఎత్తాడు, పేరు కొట్టించాడు, తుంపర ఆగింది. ఆదివారం తెల్లవారి చల్లటి పూట ఓబులమ్మ ఆటో తెచ్చుకుంది. తట్టలన్నీ ఎక్కించాక చీటీ తీసుకుని, "చదువు పాపా," అంది. భాగ్యశ్రీ చదివింది. "గట్టిగా" అనే పని ఈసారి ఓబులమ్మకు పడలేదు.

"మూడో జ్వరం ఏ పొద్దు?"

"మంగళవారం అవ్వా. అయినా చీటీని నమ్మొద్దు, తల ఎత్తినాయా లేదా చూసుకో."

"ఓహో, నాకే చెబుతాండావా!" అంది ఓబులమ్మ మురిసిపోతూ. ఆటో మల్బరీ తోటల మధ్య నుంచి రోడ్డెక్కేదాకా, ఆమె ఒక చెయ్యి తట్టల మీదే పెట్టుకుని ఉంది.

భాగ్యశ్రీ మిగిలిన ఐదు గదులకూ స్క్రిప్టు నడిపింది. ఐదు ఫైళ్లూ తెరిచి చూసుకుంది. పదింటి బస్సుకే ఇంటిదారి పట్టింది. కిటికీ పక్కన సీటు దొరికింది. పెనుకొండ కొండ కనబడేదాకా బయటికి చూస్తూ కూర్చుని, అప్పుడు డైరీ తెరిచింది. రాయడానికి చాలాసేపు వెతుక్కుంది.

"ఆదివారం. మూడో గది ఖాళీ అయింది. ఈరోజు ఏమీ జరగలేదు," అని రాసి, ఆ వాక్యాన్ని మళ్లీ ఒకసారి చదువుకుని, పుస్తకం మూసి, కిటికీ చువ్వకు తల ఆనించింది. తన ఊరు వచ్చిందని కండక్టరు వచ్చి తట్టి లేపవలసి వచ్చింది.